రూపాయి డబ్బా

 

ఈ సంచికకు ఒక కవిత రాసి ఇస్తానని మన గోడ పత్రిక సంపాదకుడికి మాట ఇచ్చాను. కవిత రాలేదు. కొన్నాళ్ళుగా ఒకే సంగతి మనసులో తిరుగుతోంది. అది రాసేస్తే గాని ఇంకేదీ రాయలేననిపించింది. కాబట్టి ఇది కవితా కాదు, కథా కాదు, నా అభిప్రాయం. కొంచెం పొడుగైంది, మూడు చార్టులు పట్టింది. భోజనాల లైన్లో నిలబడినప్పుడు పూటకొక చార్టు చొప్పున చదివినా ఫర్వాలేదు, చివరిదాకా మాత్రం చదవండి. ఎందుకంటే ఇందులో తప్పు చేసినవాడు నేనే. కోపం వస్తే నా మీదే తెచ్చుకోండి.

విషయం మన క్లబ్బు గది.

ఆ గది అందరికీ తెలిసిందే. ఒకప్పుడు బియ్యం బస్తాలు వేసే స్టోరు గది. కొత్త స్టోరు కట్టాక వార్డెన్ గారు దయతలచి దాన్ని మనకిచ్చారు. ఇప్పటికీ వాన పడితే గోనె వాసన వస్తుంది. ఒక టీవీ, ఒక క్యారమ్ బోర్డు, రెండు చదరంగం బోర్డులు (ఒకదానికి ఏనుగు లేదు, చింతగింజ పెట్టి ఆడతాం), పేపర్లు పెట్టుకునే బల్ల, మూలన పండగ డ్యాన్సులకి కొట్టే డప్పులు. ఇంతే మన ఆస్తి. కానీ వానాకాలంలో గ్రౌండంతా బురదైపోతే మనకి ఆ గదే దిక్కు. పైగా ఆ గది కిటికీ దగ్గరే ఫోనుకి సిగ్నల్ అందుతుంది. ఆదివారం వార్డెన్ గారు ఇళ్ళకి ఫోన్ చేసుకోమని ఫోనిచ్చేది అక్కడే.

ఆ గదిలో కూర్చునేది ఎవరం? సవరలం, జాతాపులం, గదబలం, కొండదొరలం, ముకదొరలం. కొండ మీద ఊళ్ళవాళ్ళం, కొండ కింద ఊళ్ళవాళ్ళం. మెస్సులో అందరికీ ఒకటే పప్పు, అందరికీ ఒకే సైజు గరిటె. అక్కడ ఎప్పుడూ గొడవ రాలేదు. గొడవ వచ్చింది క్లబ్బులోనే, అదీ క్యారమ్ బోర్డు దగ్గర.

గత ఆగస్టు నెలాఖరున ఏం జరిగిందో చాలామంది చూశారు. చూడని తమ్ముళ్ళ కోసం రాస్తున్నాను. పేర్లు రాయను, అందరూ నా తోటివాళ్ళే.

ఒకవైపు ఇద్దరు సవర తమ్ముళ్ళు, ఇంకోవైపు కింద ఊళ్ళవాళ్ళు ఇద్దరు ఆడుతున్నారు. రెడ్డు తీసి, ఫాలో కొట్టలేక మావాడు రెడ్డు మళ్ళీ బోర్డు మీద పెట్టాడు. అవతలి ఇద్దరూ సవరలో ఏదో అనుకుని నవ్వారు. మావాడికి మండింది. "ఏట్రా నవ్వుతన్నారు? నన్నేనా? తెలుగులో సెప్పండ్రా!" అన్నాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. మావాడు బోర్డు ఎత్తి పడేశాడు. కాయలన్నీ గదంతా దొర్లాయి. స్ట్రైకరు డప్పుల వెనక ఎక్కడో పడింది, ఎంత వెతికినా దొరకలేదు. చొక్కాలు పట్టుకున్నారు. పెద్ద తరగతుల వాళ్ళం వెళ్ళి విడదీశాం.

మర్నాడు క్లబ్బు మీటింగు పెట్టాం. క్లబ్బు కార్యదర్శిని నేనే. అదే వారం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. నాకు ఆ ఊపు ఎక్కింది. "గొడవకి మూలం ఏటి? ఒకడి మాట ఒకడికి అర్థం కాకపోవడమే కదా! అందరం ఒకే భాష మాట్లాడితే గొడవే ఉండదు" అని ఉపన్యాసం ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. స్కెచ్ పెన్నుతో నా చేత్తోనే రాసి తలుపు మీద అంటించాను:

"క్లబ్బు గదిలో తెలుగులోనే మాట్లాడవలెను. తప్పినవారికి 1 రూపాయి జరిమానా."

బూస్ట్ డబ్బా ఒకటి తెచ్చి మూతకి కన్నం పెట్టాం. అదే రూపాయి డబ్బా. లెక్క రాయడానికి ఒక నోటుబుక్కు పెట్టాం.

ఒక నెలయ్యేసరికి గదిలో గొడవలు పోయాయి. వార్డెన్ గారు కూడా "క్లబ్బు ఇప్పుడు క్రమశిక్షణగా ఉందర్రా" అన్నారు. నేను లోలోపల పొంగిపోయాను. గొడవలు ఎందుకు పోయాయో మాత్రం ఆలోచించలేదు. సగంమంది గదిలోకి రావడమే మానేశారు. మనుషులు తగ్గితే గొడవా తగ్గుతుంది, అందులో నా గొప్పతనం ఏమీ లేదు.

దీపావళి దాటాక కొత్త స్ట్రైకరు కొందామని డబ్బా విప్పాం. 23 రూపాయలు వచ్చాయి. వార్డెన్ గారు ఇంకో 7 రూపాయలు కలిపారు. సంతలో స్ట్రైకరు కొన్నాం. లెక్క సరిచూద్దామని నోటుబుక్కు తీశాను. పేర్లు చదువుకుంటూ పోతే నా గొంతు నాకే తగ్గిపోయింది.

23 రూపాయలూ కట్టింది తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మంది సవర పిల్లలు, ఒకడు కువి మాట్లాడే తమ్ముడు. కింద ఊళ్ళవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? మాకు తెలుగు తప్ప ఇంకో భాషే రాదు కదా! నియమం రాసినవాడికి ఆ నియమం ఒక్కనాడూ తగలదు. నేను నోరు తెరిస్తే తెలుగే వస్తుంది. నాకు జరిమానా పడాలంటే నేను ముందు సవర నేర్చుకోవాలి.

ఇంకో మాట. ఆ రెండు నెలల్లో ఆ గదిలో తెలుగులో ఎన్ని బూతులు వినిపించాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కడికీ రూపాయి పడలేదు. తెలుగులో తిట్టినవాడు సుఖంగా కూర్చున్నాడు. సవరలో "ఒరేయ్, జరుగు" అన్నవాడు రూపాయి కట్టాడు. ఇదీ నేను రాసిన న్యాయం.

ఇప్పుడు మనం రోజూ ఆడుతున్న ఆ స్ట్రైకరు వాళ్ళ నోళ్ళు మూయించిన డబ్బులతో కొన్నది. ఆ సంగతి తెలిశాక నేను దాన్ని సరిగ్గా కొట్టలేకపోతున్నాను. ఆట బాగా రాకపోవడానికి ఇది సాకు అనుకునేవాళ్ళు అనుకోండి.

అయినా అప్పుడు కూడా నేను ఊరుకున్నాను. నియమం తీసెయ్యలేదు. "నియమం అంటే నియమమే" అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం సంగతి రాయాలి. అది రాయడానికే ఇదంతా.

ఆ రోజు ఫోన్ల వంతు నడుస్తోంది. ఒక ఆరో తరగతి తమ్ముడి వంతు వచ్చింది. పై ఊరి పిల్లాడు. వాళ్ళమ్మకి తెలుగు రాదు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ ఉండదు, ఆదివారం ఫోనొస్తుందని ఆవిడ మలుపు దాకా దిగొచ్చి నిలబడుతుందట. వాడు కిటికీ దగ్గర ఫోను చెవిన పెట్టుకుని తన భాషలో ఒక్క మాట అన్నాడో లేదో, మాలో ఒకడు సరదాకి డబ్బా తీసి వాడి ముందు గలగలలాడించాడు. "రూపాయి! రూపాయి!" అన్నాడు. గదిలో అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఇది దాచను. నేనూ నవ్వాను.

వాడు మా వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. అవతల వాళ్ళమ్మ మళ్ళీ మళ్ళీ పిలవడం మా అందరికీ వినబడుతోంది. వాడు పలకలేదు. కాసేపటికి ఫోను వార్డెన్ గారి చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

డబ్బా ఆడించినవాడు చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునే రకం. సరదా అనుకున్నాడు, అంతే. కానీ ఆ డబ్బా వాడి చేతికి ఇచ్చింది ఎవరు? తలుపు మీద నా చేతిరాత.

ఆ రోజు నుంచి ఆ తమ్ముడు క్లబ్బు గదిలోకి రావడం లేదు. వాళ్ళ ఊరి అన్నయ్య దగ్గర ఫోను తీసుకుని బయట చింతచెట్టు కింద మాట్లాడుతున్నాడు. అక్కడ సిగ్నల్ తెగిపోతుంది. మళ్ళీ చేస్తాడు, మళ్ళీ తెగిపోతుంది. గదిలోకి మాత్రం రాడు.

మిత్రులారా! ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం సంచిక కాబట్టి నాకు గిడుగు రామమూర్తి పంతులు గారి మీద ఏదైనా రాయమని తెలుగు మాస్టారు ఒక పుస్తకం చేతికిచ్చారు. ఎవరి పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నామో ఆయనే. వాడుక భాష కోసం పోరాడారని పాఠంలో చదివాం. అంతకు మించి నాకు తెలియదు. చదివితే సిగ్గుతో తల వాలిపోయింది.

గిడుగు వారు 1863లో ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేశారు. అక్కడ చుట్టుపక్కల కొండల మీది సవరలను చూసి, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. సవర మనుషుల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారని, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు.

చూశారా! ఆయన సవర మాట కోసం తిరిగి చెవులు పోగొట్టుకున్నారు. మనకి రెండు చెవులూ బాగానే ఉన్నాయి. పక్క మంచం మీద సవర తమ్ముడు పడుకుంటాడు. మనం వాడి మాట వినం. పైగా ఆయన పుట్టినరోజు పేరు చెప్పి నేను పెట్టిన నియమం ఏమిటి? సవర మాట్లాడితే రూపాయి! ఆయన బ్రతికుంటే మొదటి రూపాయి ఆయన చేతే కట్టించేవాణ్ణి కాబోలు.

ఇంకో సంగతి మా ఇంటిది. నేను జాతాపు కుర్రాణ్ణి. జాతాపులు ఖోందుల్లో ఒక శాఖ అని, ఒకప్పుడు మాది కువి భాషేనని పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు మేం చాలావరకు తెలుగే మాట్లాడతాం. మా నాయనమ్మకి ఆ పాత మాటలు కొన్ని వచ్చు. సంక్రాంతి సెలవుల్లో అడిగాను, "నానమ్మా, నువ్వు నాన్నకి ఎందుకు నేర్పలేదే?" అని. "సంతలో మాటాడితే నవ్వేవోర్రా. నా బిడ్డని చూసి నవ్వకూడదని సెప్పలేదు" అంది.

అంతే కథ. ఎవరూ కొట్టలేదు, ఎవరూ చట్టం చెయ్యలేదు. సంతలో ఎవరో నలుగురు నవ్వారు. నాయనమ్మ నోరు కట్టుకుంది. నాన్నకి రాలేదు, నాకు రాలేదు. ఒక నవ్వుకి మా ఇంట్లో ఒక భాష పోయింది. ఆ ఇంటి మనవణ్ణి నేను, క్లబ్బులో కూర్చుని ఆరో తరగతి పిల్లాణ్ణి చూసి నవ్వాను.

మన మీద నవ్వేవాళ్ళు మాత్రం లేరా? పోయిన ఏడాది క్విజ్ పోటీకి కింద పట్నం వెళ్ళాం. నేను "అది నాను సెప్తాను సార్" అన్నాను. హాలంతా నవ్వింది. జవాబు నాకు తెలుసు. కానీ తర్వాతి మూడు ప్రశ్నలకి నోరు పెగల్లేదు. మనం ఓడిపోయింది తెలియక కాదు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఎంత తిట్టుకున్నామో ఆ పట్నం పిల్లల్ని! అదే పని మన గదిలో మనం చేస్తే దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాం.

ఈ మాటలు కొందరు మిత్రులతో అన్నప్పుడు వాళ్ళు అడిగిన ప్రశ్నలు న్యాయమైనవే. దాటవేయకుండా నాకు తోచిన జవాబు రాస్తాను.

మొదటి ప్రశ్న: "వాళ్ళు వాళ్ళ భాషలో మన గురించే ఏదో అనుకుని నవ్వుకుంటారు. మేం బొమ్మల్లా కూర్చోవాలా?"

నిజమే. మన ముందే ఇద్దరు నవ్వుకుంటే, అర్థం కాకపోతే, ఒంటికి కారం రాసినట్టుంటుంది. నేను కాదనను. బోర్డు ఎత్తి పడేసిన మావాడి బాధ అబద్ధం కాదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనం ఆ బాధ క్యారమ్ బోర్డు దగ్గర అరగంట పడ్డాం. పై ఊళ్ళ తమ్ముళ్ళు ఒకటో తరగతిలో చేరిన రోజు నుంచి, మాస్టారు చెప్పేది తెలియక, పక్కవాడు ఎందుకు నవ్వుతున్నాడో తెలియక, అలాగే కూర్చున్నారు. మనకి అరగంటకే బోర్డు ఎత్తాలనిపించింది. వాళ్ళు అలా ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఓర్పు ఎవరికి ఎక్కువ ఉందో మీరే చెప్పండి.

తర్వాత నేను ఆ ఇద్దర్నీ అడిగాను, ఆ రోజు ఎందుకు నవ్వారని. రెడ్డు పెట్టేటప్పుడు డప్పు మీద బల్లి పడిందట. అది చూసి నవ్వారట. చెప్పబోతే మావాడు వినలేదట. బల్లి కోసం ఇంత యుద్ధం!

రెండో ప్రశ్న: "పరీక్షలు తెలుగులో, ఇంగ్లీషులో రాయాలి. తెలుగు అలవాటు కావద్దా?" ఇది మాస్టార్లు కూడా అంటారు.

అలవాటు కావాలి. తప్పకుండా కావాలి. తెలుగు రాకపోతే కింద ఆస్పత్రిలో, బ్యాంకులో, కాలేజీలో ఎంత కష్టమో మనకి తెలుసు. కానీ జరిమానా వల్ల ఎవరికైనా తెలుగు వచ్చిందా? నోటుబుక్కులో ఎక్కువసార్లు పేరున్న తమ్ముణ్ణి నేను గమనించాను. వాడికి తెలుగు రాలేదు, మూగతనం వచ్చింది. తెలుగు ఎవరికి వచ్చిందంటే, చదరంగం దగ్గర నాతో కూర్చుని, సగం సవర సగం తెలుగు కలిపి కొట్టుకుంటూ ఆడే ఎనిమిదో తరగతి తమ్ముడికి వచ్చింది. భయం లేని చోట తప్పులు మాట్లాడతారు. తప్పులు మాట్లాడితేనే భాష వస్తుంది. గిడుగు వారు సవర పిల్లలకు సవరలో మొదలుపెట్టింది అందుకే అనుకుంటాను. మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు బోధన మొదలుపెట్టారు. అందులో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కోయ, కోలామీ, బంజారా ఉన్నాయి. పిల్లవాడు తెలిసిన మాట నుంచి తెలియని మాటకి నడిచి రావాలని దాని ఉద్దేశం.

మూడో ప్రశ్న: "ఒకే భాష ఉంటేనే ఐక్యత కదా?"

దీనికి జవాబు మన వాలీబాల్ టీము చెబుతుంది. పోయిన సంవత్సరం జోనల్ ఆటల్లో మనవాళ్ళు ఏం చేశారు? బాలు ఎవరికి వెయ్యాలో, ముందు కొట్టాలో వెనక్కి కొట్టాలో సవరలో అరుచుకున్నారు. అవతలి టీముకి ఒక్క ముక్క అర్థం కాక తెల్లమొహం వేశారు. ఆ నాలుగు సవర మాటలూ జాతాపు కుర్రాళ్ళు, గదబ కుర్రాళ్ళు కూడా రెండు రోజుల్లో నేర్చేసుకున్నారు. కప్పు మన ఆఫీసు గదిలో ఉంది. ఆ రోజు ఎవరూ రూపాయి అడగలేదే! గెలవడానికి పనికొచ్చిన భాష గదిలోకొచ్చేసరికి "కిచకిచలు" అయిపోయిందా?

ఇంకొకటి తెలుసుకున్నాను. మనలో కొందరు "అది భాషేటి, దానికి లిపి లేదు" అంటారు. సవర పక్కా పాత భాష. ముండా భాషల కుటుంబంలోది. సంతాలీకి చుట్టం. ఆ సంతాలీని 2003లో రాజ్యాంగం 8వ షెడ్యూలులో చేర్చారు. సవరకు ప్రత్యేకంగా లిపి కూడా ఉంది. ఒడిశాలో మంగై గొమాంగో అనే ఆయన 1936లో తయారుచేశారు. మన తెలుగు అక్షరాలతోనూ సవర రాసుకుంటున్నారు. ఒకవేళ లిపి లేకపోయినా ఏమిటి? మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. ఆవిడ మనిషి కాకుండా పోతుందా?

సాంఘిక శాస్త్రం పరీక్షకు మనం ఆర్టికల్ 29 కంఠతా పెడతాం. తమకంటూ ఒక భాష, లిపి, సంస్కృతి ఉన్నవాళ్ళు దాన్ని కాపాడుకునే హక్కు అందులో ఉంది. ఆర్టికల్ 350-ఎ చిన్న తరగతుల్లో మాతృభాషలో బోధించే వసతులు చెయ్యాలంటుంది. అది 1956లో 7వ సవరణతో వచ్చింది. దేశం ఇచ్చిన హక్కుని బియ్యం స్టోరు గదిలో నేను ఒక్క రూపాయికి రద్దు చేశాను. మార్కులకి చదివిన చదువు ఇలాగే ఉంటుంది.

"సహనం" అని పెద్దలు మనకి చెబుతారు. మంచి మాటే. కానీ నాకు ఒకటి అనిపిస్తోంది. సహనం అంటే పక్కవాణ్ణి ఓర్చుకోవడం. పంటినొప్పిని కూడా ఓర్చుకుంటాం. పక్కవాడు మనకి పంటినొప్పి లాంటివాడా? ఒకే గదిలో కూర్చునేటప్పుడు ఓర్చుకుంటే చాలదు. నువ్వేమన్నావు రా, మళ్ళీ చెప్పు అని అడగాలి. చెప్పినవాడు విసుక్కోకుండా మళ్ళీ చెప్పాలి. గౌరవం రెండు వైపుల నుంచీ నడిచి రావాలి. కింద ఊళ్ళ మేం నేర్చుకోవాలి, పై ఊళ్ళ మీరు మమ్మల్ని కలుపుకోవాలి. సవర తమ్ముళ్ళకి కూడా నా మనవి ఇదే. ఆటలో అర్థం కానివాడు ఒకడున్నప్పుడు నవ్వు వస్తే, నవ్విందేమిటో వాడికి చెప్పండి. బల్లి పడిందని ఒక్క మాట తెలుగులో చెప్పి ఉంటే పాత స్ట్రైకరు ఈపాటికి మన దగ్గరే ఉండేది.

కార్యదర్శిగా వచ్చే ఆదివారం మీటింగులో నేను పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి. ముందే రాస్తున్నాను, ఆలోచించుకుని రండి.

1. తలుపు మీది తెలుగు నియమం, రూపాయి డబ్బా రెండూ రద్దు. గదిలో ఎవరి భాష వారు మాట్లాడుకోవచ్చు.

2. ఆటలో, మాటలో అర్థం కానివాడు "ఏమిటి?" అని అడిగితే చెప్పి తీరాలి. "నీకెందుకు" అనకూడదు.

3. తిట్టు ఏ భాషలోదైనా తిట్టే. తెగ పేరుతో, ఊరి పేరుతో, యాసతో ఎవర్నీ వెక్కిరించకూడదు. వెక్కిరించినవాడు అందరి ముందూ ఆ మనిషికి తప్పయిందని చెప్పాకే మళ్ళీ ఆట. డబ్బు జరిమానా వద్దు. డబ్బు కట్టేస్తే తప్పు తీరిపోయిందనుకుంటాం.

4. ఆదివారం ఫోన్ల వేళ టీవీ ఆపాలి. కిటికీ దగ్గర మాట్లాడుతున్నవాణ్ణి ఒంటరిగా వదిలెయ్యాలి. అమ్మతో మాట్లాడే మాటకి కాపలా ఎవరూ ఉండకూడదు.

5. క్లబ్బు కమిటీలో ఇప్పుడున్న ఐదుగురం కింద ఊళ్ళవాళ్ళమే. నియమం రాసిన రోజు ఒక్క సవర తమ్ముడైనా బల్ల దగ్గర ఉండి ఉంటే అది ఆ రోజే ఆగిపోయేది. కాబట్టి నేను పదవి దిగిపోతాను. పరీక్షలు ఎలాగూ దగ్గరికొచ్చాయి. కొత్త కమిటీలో పై ఊళ్ళవాళ్ళు కనీసం ఇద్దరుండాలి.

వార్డెన్ గారికి ఒక విన్నపం. సార్, మీరు క్రమశిక్షణ అని మెచ్చుకున్నది మా భయాన్ని. అది మీ తప్పు కాదు, లోపల ఏం జరుగుతోందో మేమే చెప్పలేదు. గదిలో మళ్ళీ గోల మొదలవుతుంది. కొంచెం భరించగలరు. మరీ ఎక్కువైతే వచ్చి కేకలెయ్యండి, ఏ భాషలో వేసినా మాకు అర్థమవుతుంది.

ఆ 23 రూపాయలు. సంక్రాంతి సెలవుల్లో కొండచీపుర్లు కట్టి నేను సంపాదించుకున్న డబ్బుల్లోంచి 23 రూపాయలు తీసి కవరులో పెట్టాను. నోటుబుక్కులో పేర్లున్న తొమ్మిది మందీ ఎవరిది వారు తీసుకోండి. ఇప్పటికి నలుగురే వచ్చారు. ఒక తమ్ముడు రూపాయి తీసుకోకుండా, "ఉంచన్నా, నీకు పడతాదిలే" అని వెళ్ళిపోయాడు. నేను సవర నేర్చుకుంటున్నానని వాడికి తెలుసు. నీళ్ళకి, అన్నానికి, "రా, కూర్చో"కి మాటలు వచ్చేశాయి. ఇక్కడ రాయను. తప్పు రాస్తే మూడు నెలలు గోడ మీదుంటుంది. కావాలంటే నా దగ్గరికొచ్చి అడగండి, నోటితో చెబుతాను. తప్పయితే నవ్వండి, ఈసారి నవ్వడం మీ వంతు.

చింతచెట్టు కింద ఫోన్ మాట్లాడే తమ్ముడి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. "గదిలోకి రా" అన్నాను. తల ఊపాడు, రాలేదు. వాడు ఈ చార్టులు చదువుతాడో లేదో తెలియదు. చదివిన వాళ్ళెవరైనా వాడికి వాడి భాషలో చెప్పండి, డబ్బా తీసేశామని. కిటికీ ఖాళీగా ఉంచామని.

ఈ చార్టు కింద ఒక తెల్లకాగితం అంటించి పెన్ను కట్టాను. మీ అభిప్రాయం రాయండి. నన్ను తిట్టాలనుంటే తిట్టండి. సవరలో రాస్తే తెలుగు అక్షరాల్లో రాయండి, కూడబలుక్కుని చదువుకుంటాను.

రాతలో తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ క్లబ్బు కార్యదర్శి (ఆదివారం దాకా),
పదో తరగతి.